నురగ తీసే యంత్రానికి నిలకడైన నీళ్ళు
ప్రోటీన్ స్కిమ్మర్ అమరిక, సవరణలపై ఒక సమీక్ష

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు డబ్బుకు వెనకాడకుండా కొని, సరిగ్గా అర్థం చేసుకోకుండా వాడే పరికరం ఏదంటే ప్రోటీన్ స్కిమ్మర్ అనే చెప్పాలి. కొన్న మొదటి రోజే నురగ చేరే కప్పు పొంగి నేలంతా తడుస్తుంది. వాల్వు తిప్పితే నురగ అసలే రాదు. మళ్ళీ తిప్పితే మళ్ళీ పొంగుతుంది. వారం తిరిగేసరికి యంత్రం మంచిది కాదని తేల్చేసి ఇంకో కంపెనీ స్కిమ్మర్ వెతకడం మొదలవుతుంది. తప్పు చాలాసార్లు యంత్రానిది కాదు. అది నిలబడిన నీటి మట్టానిది, దాన్ని నిలకడగా ఉండనివ్వని చేతిది. అసలు స్కిమ్మర్ ఏం చేస్తుంది, ఏం చేయదు, అది లేకుండా గడుస్తుందా, ఏది ఎంచుకోవాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా సవరించాలి అన్న ప్రశ్నలన్నిటినీ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నురగ చేసే పని

చేపల విసర్జనలు, తినగా మిగిలిన మేత, నాచు వదిలే జిగురు కలిసి నీటిలో సేంద్రియ పదార్థంగా పేరుకుంటాయి. ఇందులోని ప్రోటీన్లకు, కొవ్వులకు రెండు స్వభావాలుంటాయి. అణువులో ఒక కొస నీటితో కలుస్తుంది, ఇంకో కొస నీటికి దూరంగా జరగాలని చూస్తుంది. గాలి బుడగ ఎదురుపడితే చాలు, ఆ రెండో కొసను గాలివైపు తిప్పి బుడగ అంచును పట్టుకుంటుంది. లక్షల బుడగలు ఇలాంటి అణువులను మోసుకుంటూ పైకి పోతాయి. పైన సన్నని గొట్టంలో ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ నీళ్ళను కిందికి వదిలి, చిక్కటి నురగగా మారి కప్పులోకి ఒరుగుతాయి. కందిపప్పు ఉడికేటప్పుడు పైకి తేలిన నురగను గరిటెతో తీసి పారబోసే పనే ఇది. ఇక్కడ గరిటె ఇరవై నాలుగు గంటలూ ఆడుతూనే ఉంటుంది.

ఈ పని సముద్రపు నీటిలోనే బాగా సాగడానికి కారణం ఉప్పు. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి త్వరగా కలిసిపోవు. చిన్నవిగా, చాలాసేపు విడివిడిగా ఉంటాయి. మంచినీటిలో అవి కలిసి పెద్దవై గబగబా పైకి పోతాయి. అందుకే ఇంట్లో వాడే స్కిమ్మర్‌ను గోల్డ్ ఫిష్ తొట్టెలో పెడితే ఫలితం కనబడదు. జబ్బు చేసిన చేపల కోసం ఉప్పు శాతాన్ని బాగా తగ్గించిన క్వారంటైన్ ట్యాంకులో కూడా స్కిమ్మర్ చతికిలబడుతుంది.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, స్కిమ్మర్ అమ్మోనియాను తీయదు. నైట్రేట్‌ను, నీటిలో కరిగి ఉన్న ఫాస్ఫేట్‌ను కూడా తీయదు. సేంద్రియ వ్యర్థం కుళ్ళి వాటిగా మారకముందే కొంత భాగాన్ని బయటికి తెస్తుంది, అంతే. మిగతాది ట్యాంకులోని రాళ్ళలో, ఇసుకలో ఉండే బ్యాక్టీరియా చేయాలి. అంటే స్కిమ్మర్ ఫిల్టర్‌కు సాయం, ఫిల్టర్‌కు బదులు కాదు.

దీని రెండో ఉపకారం గురించి తక్కువమంది మాట్లాడతారు. 26 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు 7 కూడా పట్టుకోలేదు. అంత తక్కువ ఆక్సిజన్‌లో చేపలు, బ్యాక్టీరియా అన్నీ బతకాలి. స్కిమ్మర్ లోపల ఇంత గాలి ఇంత నీటితో ఒరుసుకోవడం వల్ల నీటికి ఊపిరి అందుతుంది. రాత్రి లైట్లు ఆరిపోయి నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసిన వేళ ఈ సాయం విలువ తెలుస్తుంది.

స్కిమ్మర్ కావాలా, వద్దా: మూడు మార్గాలు

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన సహజ పద్ధతిని అమెరికా పత్రికలో వివరించారు. సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, కొద్దిపాటి గాలి బుడగలు, ఎండ. స్కిమ్మర్ లేదు. జీవులు తక్కువ, సముద్రం దగ్గర ఉన్నచోట అది చక్కగా నడిచింది.

తర్వాత జర్మనీలో బెర్లిన్ పద్ధతి రూపుదిద్దుకుంది. జీవమున్న రాళ్ళకు బలమైన స్కిమ్మర్‌ను, ప్రకాశవంతమైన లైట్లను, కాల్షియం సరఫరాను జోడించారు. స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ విల్కెన్స్, బెర్లిన్‌లోని డీట్రిష్ స్ట్యూబర్ పేర్లు ఈ పద్ధతితో ముడిపడి ఉన్నాయి. ఇంట్లో గట్టి పగడాలు పెరుగుతాయని లోకం నమ్మింది ప్రధానంగా ఈ బాటలోనే. నేటి రీఫ్ ట్యాంకుల్లో అధిక భాగం దీని వారసులే.

మూడో బాట స్కిమ్మర్‌ను ప్రశ్నించింది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ నాచు పరుపులతో నీటిని శుద్ధి చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. స్కిమ్మర్ వ్యర్థంతోపాటు సూక్ష్మజీవులను, చిన్న జీవులకు ఆహారమయ్యే ప్లాంక్టన్‌ను కూడా లాగేస్తుందని ఈ వైపువారి అభ్యంతరం. మొనాకోలో జాన్ జోబేర్ లోతైన ఇసుక పొర కింద ఖాళీ ఉంచి, స్కిమ్మర్ అవసరం లేకుండా పగడాలు పెంచారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టం. స్కిమ్మర్ లేకుండా నడిచిన వ్యవస్థల్లో వ్యర్థాన్ని బయటికి పంపే పనిని నాచో, ఇసుకో, నీటి మార్పిడో చేసింది. ఆ పని ఎవరూ చేయని ట్యాంకు నిలవదు. చిన్న ట్యాంకులో వారంవారం నీళ్ళు మార్చేవారికి స్కిమ్మర్ తప్పనిసరి కాదు. చేపలు ఎక్కువగా ఉండి, మేత ఎక్కువగా పడే ట్యాంకుకు అది దాదాపు తప్పనిసరి.

మన దేశంలో ఈ రెండో రకం ట్యాంకుకే ప్రాధాన్యం ఎక్కువ. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రక్షణలో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ రాళ్ళనో పగడాలనో ఎవరైనా అమ్మజూపితే తీసుకోవడం నేరం. కాబట్టి బెర్లిన్ పద్ధతిలోని జీవమున్న రాళ్ళకు బదులు ఎండిన రాళ్ళమీద బ్యాక్టీరియాను నిదానంగా పెంచుకుంటూ, చేపలతోనే ట్యాంకును నడపడం సరైన మార్గం. అలాంటి ట్యాంకు మొదటి నెలల్లో బలహీనంగా ఉంటుంది కనుక స్కిమ్మర్ సాయం ఇంకా అవసరం.

కొలిచి చూస్తే

స్కిమ్మర్ ఎంత తీస్తుందో చాలాకాలం ఎవరూ లెక్కకట్టలేదు. కప్పులో నల్లటి నీళ్ళు కనబడితే గొప్పగా పనిచేస్తోందని అనుకునేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్, ఆయన సహచరులు 2009, 2010లలో దీన్ని ప్రయోగాలతో పరీక్షించారు. నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌ను కొలుస్తూ వేర్వేరు పద్ధతుల స్కిమ్మర్లను పోల్చారు. రెండు సంగతులు బయటపడ్డాయి. కొలవదగిన సేంద్రియ కార్బన్‌లో స్కిమ్మర్లు తీయగలిగినది సుమారు 20 నుంచి 35 శాతమే. మిగతాది బుడగకు అంటుకునే స్వభావం లేనిది. దాన్ని ఎంత ఖరీదైన యంత్రమూ తీయలేదు. రెండోది, ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ మధ్య తేడా ప్రకటనల్లో చెప్పేంత పెద్దది కాదు.

కప్పులోని మడ్డిని విశ్లేషిస్తే అందులో సేంద్రియ పదార్థంతో పాటు కాల్షియం కార్బనేట్, సిలికా వంటి ఖనిజాలు కూడా గణనీయంగా కనబడ్డాయి. కప్పు నలుపును చూసి యంత్రం సామర్థ్యాన్ని తూచకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ ఫలితాలు స్కిమ్మర్‌ను తీసిపారేయమని చెప్పవు. ఆ కొంత భాగమే అయినా సరే, ఆగకుండా రోజూ బయటికి పోతుంటే ట్యాంకుకు అది పెద్ద ఊరట. బ్రాండుల వెంట పరుగెత్తడం కన్నా ఉన్న యంత్రాన్ని సరిగ్గా అమర్చడం మీద శ్రద్ధ పెట్టమని మాత్రం గట్టిగా చెబుతాయి.

ఏ రకం, ఎంత పెద్దది

పాత స్కిమ్మర్లలో చెక్క గాలి రాయి బుడగలు తీసేది. నీళ్ళు పైనుంచి కిందికి, బుడగలు కిందినుంచి పైకి పోయేవి. ఎదురెదురుగా సాగడం వల్ల రెండూ ఎక్కువసేపు కలిసి ఉండేవి. పద్ధతి మంచిదే, కానీ గాలి రాయి త్వరగా మూసుకుపోయి తరచూ మార్చాల్సి వచ్చేది. తర్వాత వెంచురీ, డౌన్‌డ్రాఫ్ట్, బెకెట్ రకాలు వచ్చాయి. బలంగా పనిచేసినా వాటికి పెద్ద పంపులు, ఎక్కువ కరెంటు కావాలి. నేడు ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి సూదులున్న చక్రం గాలిని చిన్న చిన్న బుడగలుగా నరికే రకం. తక్కువ కరెంటుతో మిల్లీమీటరు లోపు బుడగలు తెస్తాయి. కొత్త నమూనాల్లో డీసీ పంపు వేగాన్ని తగ్గించి పెంచుకోవచ్చు.

పరిమాణం విషయంలో పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి. పెట్టె మీద రాసిన లీటర్లు సాధారణంగా చేపలు తక్కువున్న ట్యాంకుకు వర్తించేవి. చేపలు ఎక్కువుంటే అదే యంత్రం అందులో సగానికే సరిపోవచ్చు. అలాగని మరీ పెద్దది కొన్నా ఇబ్బందే. వెడల్పాటి మెడను నింపేంత వ్యర్థం నీటిలో లేకపోతే నురగ కట్టదు. కట్టినా కప్పు అంచు చేరకముందే విరిగిపోతుంది. ముందు అసలు నీటి పరిమాణాన్ని లెక్కకట్టండి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకు కొలతల ప్రకారం దాదాపు 450 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్ళు 350 లీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టె, అంటే సంప్ నీళ్ళు దీనికి కలపాలి. ఈ లెక్కకు మధ్యస్థ బయోలోడ్ (జీవుల భారం) కింద ఇచ్చిన అంకె సరిపోయే స్కిమ్మర్ చాలు.

ఎక్కడ పెట్టాలి

సేంద్రియ పదార్థం ఎక్కువగా చేరేది నీటి పైపొరలో. ఓవర్‌ఫ్లో గుండా ఆ పైపొర నీరు సంప్‌లోకి దిగుతుంది. స్కిమ్మర్ ఆ నీటినే అందుకోవాలి. కనుక సంప్ మొదటి గదిలోనో, ఫిల్టర్ సాక్ తర్వాతి గదిలోనో దాన్ని పెట్టాలి.

అసలు కిటుకు నీటి మట్టం. ప్రతి స్కిమ్మర్‌కు తయారీదారు చెప్పిన లోతు ఒకటుంటుంది. చాలా నమూనాల్లో అది 6 నుంచి 9 అంగుళాల మధ్య. ఆ లోతు అరంగుళం మారినా లోపలి నురగ రేఖ మారుతుంది. ఆవిరైపోయిన నీటి లోటు కనిపించేది నీటిని తిరిగి ట్యాంకుకు పంపే రిటర్న్ పంపు ఉన్న చివరి గదిలో. అందుకే స్కిమ్మర్‌ను ఆ గదిలో పెట్టకూడదు. అద్దపు అడ్డు పలకతో మట్టం కట్టేసిన గదిలో పెడితే రోజంతా ఒకే లోతు దొరుకుతుంది. గది లోతు ఎక్కువైతే కింద ఒక పీట పెట్టి స్కిమ్మర్‌ను ఎత్తాలి. పీవీసీ పైపు ముక్కలతోనో అక్రిలిక్ ముక్కలతోనో ఆ పీట చేసుకోవచ్చు. ఇనుము, ఇత్తడి, రాగి దగ్గరికి రానివ్వకూడదు.

సంప్ లేనివారు ట్యాంకు వెనక తగిలించే రకం వాడతారు. దానికి మట్టం ప్రధాన ట్యాంకుదే. రోజుకొకసారి ఒక మగ్గుతో ఆర్వో నీళ్ళు పోసి సరిపెట్టుకునే ఇంట్లో ఆ స్కిమ్మర్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పనిచేస్తుంది. ఆవిరైనంత నీటిని తనంతట తాను నింపే ఆటో టాప్ఆఫ్ పరికరం స్కిమ్మర్‌కు అసలైన తోడు. ఎండాకాలంలో హైదరాబాద్ వంటి పొడి గాలి ఊళ్ళలో దీని అవసరం ఇంకా ఎక్కువ.

మొదటి రెండు వారాలు

కొత్త స్కిమ్మర్‌ను వాడేముందు వెనిగర్ కలిపిన నీటితో కడిగి, తర్వాత మంచినీటితో శుభ్రం చేయాలి. తయారీలో అంటుకున్న నూనె, జిగురు వాసన పోవాలి. అయినా ప్లాస్టిక్ గోడల మీద పలుచని జీవపొర ఏర్పడేవరకు నురగ తీరు నిలకడగా ఉండదు. కొన్ని యంత్రాలకు మూడు రోజులు చాలు, కొన్నింటికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ గడువులో కప్పు పొంగినా, నురగ అసలే కట్టకపోయినా అది యంత్రం లోపం కాదు. నీరు బయటికి పోయే వాల్వును పూర్తిగా తెరిచి, లోపలి మట్టాన్ని అట్టడుగున ఉంచి నడవనివ్వాలి. ట్యాంకు కూడా కొత్తదై చేపలే లేకపోతే నురగ రాకపోవడం సహజం. తీయడానికి నీటిలో ఏమీ లేదని అర్థం.

సవరణ

సవరించడానికి రెండు పిడులుంటాయి. ఒకటి గాలిది, ఇంకోటి నీరు బయటికి పోయే దారిది. గాలి పిడిని పూర్తిగా తెరిచి వదిలేయడం చాలా యంత్రాలకు మంచిది. సవరణంతా నీటి దారితోనే చేయాలి. వాల్వును కొద్దిగా మూస్తే లోపలి మట్టం లేచి నురగ తడిగా, త్వరగా కప్పు చేరుతుంది. తెరిస్తే మట్టం దిగి నురగ మెడలో ఎక్కువసేపు ఆరి చిక్కబడుతుంది.

లక్ష్యం ఒక్కటే. బుడగలతో పాలలా ఉన్న నీరు ముగిసి నురగ మొదలయ్యే రేఖ, లావుపాటి ఒళ్ళు సన్నని మెడగా మారేచోట నిలవాలి. అక్కడికి తేవడానికి వాల్వును ఒకేసారి ఎక్కువ తిప్పకండి. కొద్దిగా తిప్పి, ఒక రాత్రి గడవనివ్వండి. తెల్లారి చూసి మళ్ళీ కొద్దిగా. గంటకోసారి తిప్పేవారికి యంత్రం ఎప్పటికీ కుదరదు. ఒక సవరణ ఫలితం తెలియకముందే ఇంకోటి చేస్తారు కనుక ఏది దేనివల్ల జరిగిందో తేలదు. కుదిరిన తర్వాత వాల్వు ఎక్కడుందో పెన్నుతో గీత గీసుకుంటే, శుభ్రం చేసినప్పుడు జరిగినా మళ్ళీ అక్కడికి తేవడం తేలిక.

పలుచని టీ రంగులో వచ్చేది తడి నురగ. నల్లగా, ముద్దగా, ముక్కు మూసుకునే వాసనతో వచ్చేది పొడి నురగ. తడి నురగ ఎక్కువ వ్యర్థాన్ని తెచ్చినా వెంట ఉప్పునీటిని కూడా తీసుకుపోతుంది. రోజుకు అర లీటరు పోతే నెలకు 15 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున 525 గ్రాముల ఉప్పు. 350 లీటర్ల ట్యాంకులోని మొత్తం ఉప్పులో ఇది నాలుగు శాతానికి పైనే. ఆ లోటును ఆటో టాప్ఆఫ్ మంచినీటితో నింపుతుంది కనుక ఉప్పు శాతం తెలియకుండా పడిపోతుంది. తడి నురగ ఎంచుకున్నవారు ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను వారానికొకసారైనా చేతిలోకి తీసుకోవాలి. చేపలు ఎక్కువున్న ట్యాంకుకు కాస్త తడిగా, తక్కువున్నదానికి కాస్త పొడిగా ఉంచడం మధ్యేమార్గం.

నురగ తీరు మారితే

హఠాత్తుగా నురగ ఆగిపోతే ముందు గుర్తు చేసుకోవాల్సింది మేత. నూనె ఎక్కువున్న మేత వేసినా, చేతికి క్రీము రాసుకుని ట్యాంకులో పెట్టినా కొవ్వు నురగను విరిచేస్తుంది. కొన్ని గంటల్లో దానంతట అదే సర్దుకుంటుంది. వాల్వును ముట్టుకోవద్దు. మెడను కడిగిన తర్వాత కొంతసేపు నురగ తగ్గడం కూడా మామూలే. రోజు దాటినా రాకపోతే గాలి గొట్టం చూడాలి. లోపల ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుపోవడం తరచూ జరిగేదే. గోరువెచ్చని ఆర్వో నీళ్ళను ఆ గొట్టంలో పోస్తే ఉప్పు కరిగి పోతుంది. అప్పటికీ రాకపోతే పంపు విప్పి సూది చక్రంలో సున్నపు పొరలు, చిన్న నత్తలు ఉన్నాయేమో చూడాలి.

హఠాత్తుగా పొంగితే నీటిలో కొత్తగా ఏదో చేరిందని అర్థం. క్లోరిన్ తీసే ద్రావణాలు, రాళ్ళు అతికించే పుట్టీ, ఎర్ర బురదకు వాడే మందులు స్కిమ్మర్‌ను విపరీతంగా పొంగిస్తాయి. మందు వాడినన్నాళ్ళు స్కిమ్మర్‌ను ఆపేయడం కన్నా కప్పు తీసేసి నురగను సంప్‌లోకే పడనివ్వడం మేలు. మందు పోదు, ఆక్సిజన్ అందుతుంది. ఈ కారణాలేవీ లేకపోతే సంప్ మట్టం పెరిగిందేమో స్కేలుతో కొలవండి.

బయటికి వచ్చే నీటితోపాటు చిన్న బుడగలు ట్యాంకులోకి వస్తుంటే బయటి దారికి స్పాంజి తొడగవచ్చు. కానీ స్పాంజిని రెండు మూడు రోజులకోసారి కడగాలి, లేకుంటే అదే వాల్వు మూసినట్టయి నురగ పొంగుతుంది.

కరెంటు పోతే, తలుపులు మూస్తే

మన ఇళ్ళలో స్కిమ్మర్‌కు పెద్ద పరీక్ష కరెంటు కోత. కరెంటు పోగానే ప్రధాన ట్యాంకులోని పైనీళ్ళు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. కరెంటు వచ్చిన క్షణంలో ఆ ఎక్కువ లోతులోనే స్కిమ్మర్ మొదలై నిమిషాల్లో కప్పు పొంగుతుంది. రోజుల తరబడి పోగైన మురికి మళ్ళీ ట్యాంకులో కలుస్తుంది. రిటర్న్ పంపు మొదలైన ఐదు పది నిమిషాల తర్వాత స్కిమ్మర్ మొదలయ్యేలా టైమర్ పెట్టడం దీనికి విరుగుడు. కప్పు నిండగానే పంపును ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఇంకా భద్రం. స్కిమ్మర్ తీగ ప్లగ్ కంటే కిందికి ఒంగి మళ్ళీ పైకి వచ్చేలా ఉండాలి. అప్పుడు జారిన ఉప్పునీటి చుక్క ప్లగ్‌లోకి పోదు. ఉప్పునీళ్ళున్న గదికి, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే వెంటనే పెట్టించండి. ఇది మనుషుల ప్రాణం విషయం.

ఎండాకాలంలో ఏసీ వేసి తలుపులన్నీ మూసిన గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. స్కిమ్మర్ పీల్చేది ఆ గాలినే. దాంతో నీటి పీహెచ్ 8 కిందికి జారుతుంది. గాలి గొట్టాన్ని కిటికీ గుండా బయటికి పెడితే పీహెచ్ మెరుగుపడుతుంది. కానీ దోమల మందు కొట్టే రోజున, పక్కింట్లో రంగులు వేసే రోజున ఆ గొట్టాన్ని లోపలికి తీసుకోవాలి.

శుభ్రత, చివరి మాట

మెడ లోపలి జిడ్డు పెరిగేకొద్దీ నురగ పైకి పాకలేదు. మూడు నాలుగు రోజులకోసారి కప్పు, మెడ కడగడం, మూడు నెలలకోసారి పంపును వెనిగర్‌లోనో నిమ్మ ఉప్పు నీళ్ళలోనో నానబెట్టి తోమడం అలవాటుగా మారాలి. సబ్బు వాడకూడదు.

అన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. స్కిమ్మర్ బలం దాని ధరలో లేదు. కదలని మట్టం, మూసుకుపోని గాలి దారి, కడిగిన మెడ, తొందరపడని చేయి ఉన్నచోట మధ్యస్థ ధరలో వచ్చే యంత్రం కూడా చేయగలిగినదంతా చేస్తుంది. అవి లేనిచోట ఎంత ఖరీదైనదైనా నేల తడపడానికే పనికొస్తుంది. అది తీయలేని అధిక భాగం కోసం నీళ్ళు మార్చడం, మేత తగ్గించడం మన బాధ్యత. మెరైన్ ట్యాంకుల్లోని చేపల్లో అధిక భాగం నేటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. వాటిని ఇంటికి తేవాలనుకునేవారికి ఒక్కటే విన్నపం: ముందు స్కిమ్మర్ సరిగ్గా అమర్చండి, తర్వాతే చేపను కొనండి.